రొమ్ము రాచపుండు చికిత్స – దేహపు తూకము

రాచపుండు సోకినవారు చిక్కిపోవుదురని మానవపాటి రైతుసోదరులు తలంపవచ్చును. రొమ్ము రాచపుండు చికిత్సలో మాత్రము పెక్కుమంది స్త్రీలు బరువు పెరుగుదురు. కీమోథెరపీతో నిచ్చు స్టెరాయిడ్లు ఆకలిని పెంచును. అలసటచే నడక తగ్గును. కొందఱికి ముట్టు ముందే యుడుగును. కండ కరగి క్రొవ్వు చేరును. వాంతులచే, నోటిపూతచే చిక్కువారును గలరు. ఇది సోమరితనము గాదు, ఇంటివారు నిందింపరాదు.

లావగుదుమని పస్తులుండుటయు, వ్యాధి మరల రాకుండుటకై వైద్యులిచ్చిన టామాక్సిఫెన్ మాత్రలను తమంతట మానుటయు ప్రమాదకరము. కందిపప్పు, గ్రుడ్లు, మజ్జిగ గొనుచు ఓపికకొలది నడువవలెను.

కీమోథెరపీ మోతాదును ఎత్తు, బరువులను బట్టి కట్టుదురు. కావున వారమున కొకమాఱు ఒకే యంత్రముపై తూచి వ్రాసికొని, హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రికి గాని కర్నూలునకు గాని పోవునపుడు చూపవలెను. బరువు హఠాత్తుగా మారినచో వెంటనే తెలుపవలెను. కందుల తూకమును చీటీలో వ్రాయించుకొను మనకు ఇల్లాలి తూకము వ్రాయుట భారమా యని మేమడుగుచున్నాము.