రాత్రి తాగినవాడు తెల్లవారి స్టీరింగు పట్టవచ్చునా?

మేడ్చల్: నాగపూరు రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ రహదారి మీద శామీర్‌పేట, రెండింటినీ కలుపుతూ అవుటర్ రింగురోడ్డు. తెల్లవారుజామున నాలుగు గంటలకే ఇక్కడ పాలవ్యాన్లు, బోయిన్‌పల్లి మార్కెట్టుకు పోయే కూరగాయల ట్రాలీలు, కంకర టిప్పర్లు కదులుతాయి. కాస్త పొద్దెక్కాక స్కూలు బస్సులు. వీటిని నడిపేవారిలో రాత్రిపూట చుక్క వేసుకునే అలవాటున్నవారు లేకపోలేదు. రాత్రి తాగింది రాత్రికే దిగిపోయిందని, ముఖం కడిగి చాయ్ తాగితే ఏమీ వుండదని వారి ధీమా. ఈ లెక్క తప్పు.

చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు. క్వార్టరు సీసా అంటే 180 మిల్లీలీటర్లు. మన విస్కీ, బ్రాందీలలో ఆల్కహాలు నూటికి 42.8 పాళ్ళు. కనుక ఆ సీసాలో వున్నది సుమారు 60 గ్రాములు. అరవై కిలోల మనిషి రక్తంలో అది 150 మిల్లీగ్రాముల దరిదాపుకు చేరుతుంది. కాలేయం దానిని గంటకు సుమారు 15 చొప్పున మాత్రమే తగ్గించగలదు. చాయ్ తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా, నిమ్మకాయ చప్పరించినా ఆ వేగం పెరగదు. రాత్రి పదింటికి సీసా ముగించి పడుకున్నవాడు తెల్లవారి ఆరింటికి ఇంకా హద్దు దగ్గరే వుంటాడు. నాలుగింటికే పాలవ్యాను ఎక్కితే హద్దుకు రెండింతలు! ఇది ఉజ్జాయింపు లెక్క. బక్కపలుచనివాడికి, కాలేయం చెడినవాడికి ఇంకా ఆలస్యమవుతుంది.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం తాగి నడపడమే కాదు, నడపబోవడం కూడా నేరమే. మొదటిసారి ఆరునెలల వరకు జైలు లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే రెండేళ్ళ వరకు జైలు, పదిహేనువేల జరిమానా. శిక్ష పడితే కనీసం ఆరునెలలు లైసెన్సుకు అనర్హుడని కోర్టు ప్రకటించాలి. బండి మీదనే బతికే కుటుంబానికి జరిమానాకన్నా ఈ ఆరునెలలే బరువు.

ఇదంతా లారీలవారి గొడవ, మనది మోటారుసైకిలే కదా అనుకునేవారున్నారు. మోటారుసైకిలైనా, ట్రాక్టరైనా చట్టం ఒకటే. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద ఒక మోటారుసైకిలు అదుపుతప్పి పడింది. నడిపినవాడు మరణించాడు. రోడ్డుపై పడివున్న ఆ బండిని హైదరాబాదు నుంచి బెంగుళూరు పోతున్న ప్రైవేటు బస్సు ఈడ్చుకుపోయి, మంటలు లేచి 19 మంది ప్రయాణికులు ఆహుతి అయ్యారు. మోటారుసైకిలు నడిపినవాడు తాగివున్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది.

ఇక మిషను ఊదితే సున్నా వచ్చిందని సంబరపడేవారు తెలుసుకోవలసిన సెక్షన్లు రెండున్నాయి. తన జబ్బు వల్ల ఇతరులకు అపాయమని తెలిసికూడా బండి నడపడం 186వ సెక్షను కింద నేరం. జరిమానా మొదటిసారి వెయ్యి రూపాయలే. కాని ప్రమాదం జరిగినప్పుడు ఆ "తెలిసికూడా" అనే మాట మెడకు చుట్టుకుంటుంది. రెండవది 19వ సెక్షను. నిత్య తాగుబోతు అని తేలినవాని లైసెన్సును రవాణాశాఖ అధికారి రద్దు చేయవచ్చు. ముందుగా అతని వాదన వినాలి, కారణాలు రాసి ఇవ్వాలి. ఉత్తర్వు అందిన 30 రోజులలోపు అప్పీలు చేసుకునే హక్కు డ్రైవరుకు వున్నది.

తాగని రోజున జబ్బేమిటని అడగవచ్చు. ఏళ్ళతరబడి తాగినవాడు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. రెండురోజులలోపు మూర్ఛ రావచ్చు. ఆపైన మతి తప్పి లేనివి కనబడవచ్చు. అటువంటివాడు స్టీరింగు ముందు కూర్చుంటే తాగినవానికన్నా తక్కువ ప్రమాదమేమీ కాదు. లైసెన్సు దరఖాస్తుతోపాటు ఇచ్చే ఒకటవ నంబరు ఫారంలో మూర్ఛలు, హఠాత్తుగా స్పృహ తప్పడం వున్నాయా అనే ప్రశ్న వున్నది. చాలామంది చదవకుండానే సంతకం చేస్తారు!

కల్లు సంగతి ఇంకొకటి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. ఆ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తుమందు బయటపడింది. ఊదే మిషను దీనిని పట్టదు. మత్తుమందు ప్రభావంలో నడపడమూ 185 కిందికే వస్తుంది. 2020 లాక్‌డౌనులో కల్లు దొరకక ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం బారులు తీరిన సంగతి ఎరుగనివారు లేరు.

బండి యజమానులకూ ఒక మాట. తాగివున్నాడని తెలిసీ తాళంచెవి చేతికిచ్చి పొమ్మంటే, నేరానికి తోడ్పడినట్టే. 188వ సెక్షను కింద శిక్ష డ్రైవరుతో సమానం. బీమా కంపెనీ బాధితులకు చెల్లించినా, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకునే వీలున్నది.

మానదలచినవారు సొంతంగా ఒక్కరోజులో ఆపివేయక డాక్టరును కలవాలి. ఎర్రగడ్డలో చికిత్స వున్నది. 14446కు ఫోను చేస్తే ఖర్చు లేకుండా సలహా ఇస్తారు. తాను డ్రైవరునని డాక్టరుకు ముందే చెప్పాలి. మాన్పించడానికి ఇచ్చే మందులలో కొన్ని మత్తు కలిగిస్తాయి, అవి వాడినన్నాళ్ళు బండి ఎక్కరాదు. ఎర్రగడ్డకు పోయేటప్పుడు కూడా బస్సులోనే పోవాలి.