గోపాల్‌పూర్ ఒడ్డున పిట్టల ఫొటోలు: నేర్చుకున్నవి, మానుకున్నవి

బరంపురంలో ఉండే మనకు గోపాల్‌పూర్ సముద్రం కొత్త కాదు. సుమారు 15 కిలోమీటర్ల దూరం. చుట్టాలొస్తే అక్కడికే, పిల్లలకు సెలవులొస్తే అక్కడికే. ఇన్నేళ్లలో అలల్లో కాళ్లు తడుపుకున్నాం, వేరుశనక్కాయలు తిన్నాం గానీ, ఆ ఒడ్డున తిరిగే పిట్టలను నిలబడి చూసింది లేదు. కిందటి చలికాలం మా తెలుగు సంఘంలోని నలుగురం, అందరమూ రిటైరైనవాళ్లమే, ఒక జూమ్ కెమెరా పట్టుకుని ఆదివారాలు అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాం. మేము చేసిన తప్పులు చెబితే, ఈ ఏడు వెళ్లాలనుకునేవారికి కొంత శ్రమ తప్పుతుందని ఇది రాస్తున్నాం.

మొదటి తప్పు వెలుతురు దగ్గర. ఫొటోలకు ఉదయం మంచిదని విని తెల్లవారేసరికి ఒడ్డున ఉన్నాం. ఇంటికొచ్చి చూసుకుంటే పిట్టలన్నీ నల్లగా బొగ్గుముక్కల్లా ఉన్నాయి. కారణం చాలా మామూలుది. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున సూర్యుడు నీటి మీదే లేస్తాడు. నీటి అంచున ఉన్న పిట్టకు వెనక వెలుగు, మనవైపు నీడ. పైగా మెరిసే నీటిని చూసి కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని, బొమ్మను ఇంకా చీకటి చేస్తుంది. తర్వాత సాయంత్రం 3 గంటలకు వెళ్లడం మొదలుపెట్టాం. అప్పుడు ఎండ మన వీపు వెనక ఉంటుంది, పిట్ట కంటిలో మెరుపు కూడా కనబడుతుంది. పొద్దునే వెళ్లాల్సివస్తే, ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ నొక్కి వెలుతురును ఒక మెట్టు పెంచుకోవాలి. తడి ఇసుక మీద నిలబడ్డ తెల్లకొంగకు మాత్రం దీనికి వ్యతిరేకం. కాస్త తగ్గించకపోతే ఈకలు కనబడవు, తెల్లటి మచ్చే మిగులుతుంది.

రెండోది, బొమ్మ అలికినట్టు రావడం. అలతో పాటు ముందుకీ వెనక్కీ పరిగెత్తే తెల్లని చిన్న పిట్టలుంటాయి. ఇంగ్లీషులో శాండర్‌లింగ్ అంటారు. దాదాపు దాని చుట్టాలన్నిటికీ ఉండే వెనుక వేలు దీనికి లేదు. ఒక్క క్షణం నిలవదు. షట్టర్ స్పీడు సెకనులో 1000వ వంతు పెట్టాకే దాని కాళ్లు స్పష్టంగా వచ్చాయి. ఫోకస్ కూడా కెమెరాకు వదిలేస్తే, అది పిట్టను వదిలి అలను పట్టుకుంటుంది. ఫోకస్‌ను మధ్యనున్న ఒక్క చుక్కకు మార్చి, ఆ చుక్కను పిట్ట కంటి మీద ఉంచాలి.

మూడో తప్పు కెమెరాది కాదు, మాది. నాలుగో ఆదివారం మాలో ఒకరు పిట్టల గుంపు మీదికి పరుగెత్తారు. అన్నీ ఒక్కసారి రెక్కలు విప్పి లేచాయి. ఫొటో అద్భుతంగా వచ్చింది. మా ఉగాది సంచికకు అట్టబొమ్మ దొరికిందని అక్కడే చప్పట్లు కొట్టుకున్నాం. దగ్గరలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన ఇదంతా చూశాడు. గోపాల్‌పూర్ జాలరుల్లో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారని మనకు తెలుసు. ఒడియావారు వాళ్లను నోలియాలంటారు. ఆయన అన్నాడు: "ఏటి బాబూ, ఆటి తిండి ఆటిని తిననీరా? మీకు బొమ్మ, ఆటికి కడుపు."

మాకు సిగ్గేసింది. ఆ రోజు పొద్దుగూకేదాకా ఆ గుంపు తిరిగి రాలేదు.

తర్వాత పుస్తకాలు తిరగేస్తే ఆయన మాటలోని లెక్క అర్థమైంది. శాండర్‌లింగ్ గుడ్లు పెట్టేది ఉత్తర ధ్రువం దగ్గరి చలి నేలల్లో. వేల కిలోమీటర్లు ఎగిరి ఇక్కడికొచ్చి చలికాలం గడిపి, మళ్లీ అంత దూరమూ ఎగరాలి. అందుకు ఒంట్లో కొవ్వు పట్టాలి. దాని తిండి తడి ఇసుకలో దాగిన చిన్న పురుగులూ, రొయ్యజాతి జీవులూ. నీరు వెనక్కి తగ్గిన కొద్ది గంటలే అది సులువుగా దొరుకుతుంది. మనం లేపినప్పుడల్లా ఆ గంటల్లో కొంత పోతుంది, తిన్నది కొంత ఎగరడానికే ఖర్చవుతుంది. మన తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత వీధికుక్కలు. రోజుకు పది పన్నెండుసార్లు లేస్తే దానికి మిగిలేదేమిటి?

ఆ అట్టబొమ్మ మానుకున్నాం.

పద్ధతి కూడా ఆ పెద్దాయనే చెప్పాడు. "కూకోండి బాబూ, కదలకండి. పోటు లెగిసేకొద్దీ ఆటే మీ దగ్గరకొస్తాయి." అలాగే చేశాం. పోటు మొదలయ్యే ముందు, నీటికి కాస్త ఎగువన ఇసుక మీద చతికిలపడ్డాం. మోకాళ్ల నొప్పులున్నవారు చిన్న పీట తెచ్చుకున్నారు. నీరు పైకి వచ్చినకొద్దీ పిట్టలు వాటంతటవే మావైపు జరిగాయి. కూర్చుంటే ఇంకో లాభం ఉంది. కెమెరా పిట్ట ఎత్తుకు దిగుతుంది, వెనకనున్న సముద్రం మెత్తగా మసకబారుతుంది. నిలబడి తీసిన ఫొటోలో వెనకాల కనబడేది ఇసుకే.

ఎంత దగ్గరగా వెళ్లవచ్చన్నది పిట్టే చెబుతుంది. తినడం ఆపి తలెత్తినా, గుంపంతా ఒకవైపు నడవడం మొదలుపెట్టినా, మనం ఎక్కువ దగ్గరకొచ్చామని అర్థం. అక్కడే ఆగి రెండడుగులు వెనక్కి వేయాలి.

ఫోనే ఉన్నవారు నిరాశపడనక్కర్లేదు. ఒక్క పిట్ట బొమ్మకు ఫోను చాలదు గానీ, వలలు ఒడ్డుకు చేరే వేళ సీగల్స్ వాటంతటవే పడవల చుట్టూ మూగుతాయి. ఆ దృశ్యానికి ఫోను చాలు. జాలరులను తీసేముందు మాత్రం ఒక మాట అడగాలి. ఆ సీగల్స్‌లో కొన్నింటికి తెల్ల తల, కంటి వెనక నల్ల చుక్క. మార్చి దగ్గరపడ్డాక కొన్నింటి తల గోధుమరంగుకు తిరిగింది. రెండు జాతులనుకుని వేర్వేరుగా రాసుకున్నాం. రెండూ ఒకటే. అవి వేసవిలో లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర గూళ్లు కట్టుకుంటాయి.

ఇంటికి రాగానే కెమెరా సంగతి చూడాలి. ముందు గాలి ఊది ఇసుక పోగొట్టాలి. ఇసుక ఉండగా తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి. తర్వాత కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో ఉప్పు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి.

కాస్త చేయి తిరిగాక చిలికా వెళ్లవచ్చు. 1981లో మన దేశం నుంచి రామ్‌సర్ జాబితాలో మొదట చేరిన రెండు చోట్లలో అదొకటి. దాని ఉత్తరపు అంచున మంగళజోడి ఉంది. ఒకప్పుడు పక్షులను వేటాడిన ఆ ఊరివారే ఇప్పుడు వాటికి కాపలా కాస్తూ, చూడవచ్చినవారిని పడవల్లో తిప్పుతున్నారు.

చివరిగా పిల్లల మాట. బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకునే మన మనవళ్లకు ఒడ్డునున్నవన్నీ బర్డ్సే. ఆ పెద్దాయన ఒక్క సాయంత్రం కూర్చుని ఉల్లంకి, నారాయణపక్షి, నీటికాకి, గరుడ, లకుముకి అని వేలు చూపి చెప్పాడు. వాటిలో రెండు మాకే తెలియవు. ఈసారి ఉగాది సంచికలో ప్రతి ఫొటో కిందా ఆ తెలుగు పేరు వేస్తున్నాం. అట్ట మీద, ఇసుకలో ముక్కు గుచ్చి నింపాదిగా తింటున్న ఒక చిన్న ఉల్లంకి ఉంటుంది.