మీకు తెలుసా? చిగుళ్ల జబ్బుకూ కీళ్లవాతానికీ చుట్టరికం!

హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 జన్యువులో కొన్ని రకాలు పుట్టుకతో వచ్చినవారికి రుమటాయిడ్ కీళ్లవాతం ముప్పు ఎక్కువ. అయితే జన్యువు ఒక్కటే చాలదు. చిగుళ్లను పాడుచేసే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా, తన ఎంజైముతో ప్రొటీన్లలోని ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మార్చేస్తుంది. అలా రూపు మారిన సొంత ప్రొటీన్లనే శరీరం శత్రువులనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుందనీ, చివరికి కీళ్లు వాస్తాయనీ శాస్త్రవేత్తల అంచనా. యాంటీ-సీసీపీ రక్తపరీక్ష వెతికేది ఈ యాంటీబాడీలనే. ఆ జన్యురకం ఉన్నవారు పొగ తాగితే ముప్పు ఇంకా పెరుగుతుంది, చిగుళ్లూ దెబ్బతింటాయి. చుట్ట, అడ్డపొగ అలవాటున్న మన ఉత్తరాంధ్రలో ఇది తేలిగ్గా తీసుకోవలసిన మాట కాదు. చిగుళ్ల నుంచి రక్తం వస్తూ, పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతుంటే నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో వెంటనే చూపించుకోండి.