సేవ చేసే చేతికీ ఒక హక్కు ఉంది

తల్లిదండ్రుల సేవ గొప్పతనం గురించి మనం జుమా ప్రసంగాల్లో తరచూ వింటూ ఉంటాము. ఆ సేవ చేసే మనిషి ఇల్లు ఎలా గడుస్తున్నదన్న మాట మాత్రం అరుదుగా వినిపిస్తుంది. పక్షవాతంతో మంచానపడిన తల్లిని రాత్రింబవళ్లు కనిపెట్టుకొని ఉండే కూతురు, మతిమరుపు వ్యాధికి లోనైన మామగారిని చంటిబిడ్డలా చూసుకునే కోడలు, పుట్టుకతోనే నడవలేని కుమారుణ్ణి పాతికేళ్లుగా ఎత్తుకొని తిప్పుతున్న అమ్మ. వరంగల్‌లో మండీబజార్ మొదలుకొని కాజీపేట దాకా ఏ బస్తీకి వెళ్లినా ఇలాంటి ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది.

మా వద్దకు మసలా అడగడానికి వచ్చే కుటుంబాలు ఈ మధ్య ఒక ప్రశ్న వేస్తున్నాయి. “అమ్మీని చూసుకోవడానికి బీడీలు చుట్టే పని మానుకోవలసి వచ్చింది. ఈ సేవకు సర్కారు ఏమైనా ఇస్తుందా? ఇస్తే తీసుకోవచ్చా? తీసుకుంటే మా పుణ్యం తగ్గిపోతుందా?” ఇందులో ఒక భాగం చట్టానికి సంబంధించినది. మరొక భాగం షరీఅత్‌కు సంబంధించినది. రెండింటినీ వరుసగా పరిశీలిద్దాము.

చట్టంలో ఉన్నది, చేతికి అందుతున్నది

తెలంగాణ ప్రభుత్వం 2014 నవంబరులో ఆసరా పింఛన్లను ప్రారంభించింది. అప్పుడు వృద్ధులకు నెలకు 1000 రూపాయలు, వికలాంగులకు 1500 రూపాయలుగా నిర్ణయించారు. 2019లో అవి 2016, 3016 రూపాయలు అయ్యాయి. 2023 జూలైలో వికలాంగుల పింఛను 4016 రూపాయలకు పెరిగింది. ఈ సొమ్ము ఎంతో కొంత ఆదుకుంటున్న మాట నిజం. కానీ ఇది రోగి పేరున వచ్చే పింఛను. రోగి కోసం తన సంపాదనను వదులుకున్న మనిషి పేరు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

అసలు మన దేశ చట్టానికి ఈ మనిషి తెలియదా అంటే, తెలుసు. 2016లో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో ప్రభుత్వాలు రూపొందించవలసిన సహాయ పథకాల జాబితా ఉంది. అధిక సహాయం అవసరమైన వికలాంగుల కోసం సంరక్షకుల భత్యం అన్నది ఆ జాబితాలో స్పష్టంగా చేర్చబడింది. 38వ సెక్షన్ ప్రకారం, తనకు అధిక సహాయం అవసరమని భావించే వ్యక్తి గానీ, అతని తరఫున మరొకరు గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. అంటే సేవ చేసే మనిషికి కూడా ఖర్చు ఉంటుందని చట్టం ఒప్పుకున్నది. అయితే ఒప్పుకోవడం వేరు, చెల్లించడం వేరు.

చెల్లించి చూపిన రాష్ట్రం కేరళ. అక్కడ ‘ఆశ్వాసకిరణం’ అనే పథకం కింద మంచానికే పరిమితమైన వారిని ఇంట్లో చూసుకునే సంరక్షకులకు నెలకు 600 రూపాయలు నిర్ణయించారు. మొత్తం చిన్నదే అయినా, ఆ సొమ్ము సంరక్షకుల పేరున మంజూరవుతుందన్నది గమనించవలసిన విషయం. మన పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్ మరొక దారి ఎంచుకున్నది. 2024 జూలై నుంచి అక్కడ వికలాంగుల పింఛను 6000 రూపాయలు కాగా, పక్షవాతం వంటి కారణాలతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000 రూపాయలు నిర్ణయించారు. అక్కడ కూడా పింఛను రోగి పేరుననే వస్తుంది. కానీ ఒక మనిషి పగలంతా దగ్గర ఉండక తప్పదన్న సంగతి ఆ అంకెలోనే ఇమిడి ఉన్నది.

దూరదేశాల అనుభవం కూడా ఒకటి తెలుసుకోదగినది. బ్రిటన్‌లో రోగిని చూసుకునే కుటుంబసభ్యులకు భత్యం 1976లో మొదలయింది. కానీ వివాహిత స్త్రీలను దాని నుంచి మినహాయించారు. ఆమె ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదా అన్నది వారి వాదన. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానుకున్న జాకీ డ్రేక్ అనే మహిళ దీనిని సవాలు చేశారు. 1986లో యూరోపియన్ న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పు చెప్పిన పిదపనే వివాహితలకు ఆ హక్కు దక్కింది. “ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదా” అన్న మాట మన ఇళ్లలో మనం వినలేదా? 2024లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, 15 నుంచి 59 ఏళ్ల మధ్య వయస్సులో ఇంట్లోవారి సంరక్షణ చేసే మహిళలు అందుకు రోజుకు సగటున 140 నిమిషాలు వెచ్చిస్తుండగా, పురుషులు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. భారం ఎవరి భుజాన ఉన్నదో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

ఈనాడు మనం చేయగలిగింది

సంరక్షకుల భత్యం మన జిల్లాకు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ, ఇప్పుడు ఉన్న హక్కును వదులుకోవడం తెలివైన పని కాదు. మొదటి మెట్టు వైకల్య ధ్రువీకరణ పత్రం. దరఖాస్తు చేసుకొని, కేటాయించిన తేదీన ప్రభుత్వాసుపత్రిలోని వైద్యుల శిబిరానికి రోగిని తీసుకువెళ్లవలసి ఉంటుంది. మంచానపడిన మనిషిని ఆటోలో తీసుకువెళ్లడం ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా దాదాపు అన్ని సహాయాలకూ ఆ పత్రమే తాళంచెవి.

వైకల్యం అంటే కాలో చెయ్యో లేకపోవడమే అని చాలామంది అనుకుంటారు. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించగా, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. కంపవాతం, తలసీమియా, హీమోఫీలియా, మానసిక రుగ్మతలు కూడా ఇందులో ఉన్నాయి. వృద్ధాప్య పింఛను తీసుకుంటున్న తల్లికి ఆ తర్వాత పక్షవాతం వస్తే, చాలా ఇళ్లలో ఆ పాత పింఛనుతోనే సరిపెట్టుకుంటున్నారు. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా నిర్ధారణ అయితే వికలాంగుల కోవలో దరఖాస్తు చేసుకోవచ్చు. రెండింటి మధ్య తేడా నెలకు 2000 రూపాయలు, ఏడాదికి 24,000 రూపాయలు. ఒక పేద ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999 చట్టం ద్వారా ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ అనే ఆరోగ్య బీమా నడుపుతున్నది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు దానిలో లభిస్తుంది. ఇలాంటి బిడ్డకు 18 ఏళ్లు నిండిన తర్వాత తల్లిదండ్రులు కూడా చట్టబద్ధ సంరక్షకులుగా నియమింపబడవలసి ఉంటుంది. ఆ దరఖాస్తు జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి ఇవ్వాలి. మన తదనంతరం బిడ్డ గతి ఏమిటని దిగులుపడే తల్లిదండ్రులు ముందుగా చేయవలసిన పని ఇది.

సొమ్ము తీసుకుంటే పుణ్యం తగ్గుతుందా?

ఇక రెండవ భాగానికి వద్దాము. సేవకు ప్రతిఫలం తీసుకోవడం ఇస్లాం దృష్టిలో సిగ్గుపడవలసిన విషయం కాదు. దివ్య ఖుర్ఆన్ అత్తలాఖ్ సూరా 6వ ఆయతును చూడండి. విడాకులు పొందిన స్త్రీ తన బిడ్డకు పాలు పడితే, ఆ బిడ్డ తండ్రి ఆమెకు వేతనం చెల్లించాలని అల్లాహ్ ఆదేశించాడు. తల్లి ప్రేమను ఎవరు శంకించగలరు? అయినా ఆమె శ్రమకు వేతనం నిర్ణయించబడింది. వేతనం పుచ్చుకున్నందువల్ల ఆమె తల్లి కాకుండా పోలేదు.

అయితే ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయం ఉంది. తండ్రి తన కుమారుణ్ణే జీతానికి సేవకునిగా పెట్టుకుంటే ఆ ఒప్పందం చెల్లదని హనఫీ ఫిఖహ్ గ్రంథాలు చెబుతున్నాయి. ఎందుకంటే ఆ సేవ అప్పటికే కుమారునిపై విధి అయి ఉన్నది. దీనిని చూపి, ప్రభుత్వ సహాయం కూడా తగదని కొందరు భావిస్తున్నారు. ఈ రెండూ ఒకటి కాదు. ప్రభుత్వం ఇచ్చేది తండ్రి కొడుక్కి ఇచ్చే జీతం కాదు. ప్రజల ఖజానా నుంచి అవసరంలో ఉన్న ఇంటికి అందే చేయూత. ఇస్లామీ చరిత్రలో దీనికి పూర్వోదాహరణ ఉంది. ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ (705-715) కాలంలో నడవలేని వారికి సేవకుణ్ణి, అంధులకు దారి చూపే మనిషిని ఏర్పాటు చేసినట్లు చరిత్రకారుడు తబరీ నమోదు చేశారు. ఆ తర్వాత కొద్దికాలానికే వచ్చిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) కూడా దీర్ఘరోగుల కోసం ఇలాంటి ఏర్పాట్లు చేసినట్లు గ్రంథాల్లో ఉంది. రోగితో పాటు రోగిని చూసుకునే మనిషి కూడా ప్రభుత్వ బాధ్యతే అన్న ఆలోచన మనకు కొత్తది కాదు.

పుణ్యం సంకల్పాన్ని బట్టి ఉంటుంది. పింఛను ఆగిపోయిన నెలలో కూడా సేవ ఆగకపోతే, ఆ సేవ అల్లాహ్ కోసమేనని అర్థం చేసుకోవాలి.

సోదరుల వంతు

ప్రభుత్వాన్ని అడగడానికి ముందు మన ఇంటి లెక్క మనం సరిచేసుకోవాలి. ఒక ఇంట్లో నలుగురు సంతానం. ఇద్దరు గల్ఫ్‌లో, ఒకరు హైదరాబాద్‌లో. తల్లి మాత్రం వితంతువైన కూతురి దగ్గర. నెలనెలా మందులకు కొంత పంపి తమ వంతు తీరిందని సోదరులు భావిస్తారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం పేదలైన తల్లిదండ్రుల పోషణ స్థోమత గల సంతానమందరిపైన ఉంటుంది. తల్లి మంచానపడి ఆమెకు పరిచారిక అవసరమైతే, ఆ ఖర్చు కూడా పోషణలో భాగమే. బయటి మనిషిని పెడితే ఎంత ఇవ్వవలసి వచ్చేదో సోదరులు ఒకసారి లెక్క వేసుకోవాలి. ఆ శ్రమను మన ఆపా చేస్తున్నది కాబట్టి ఉచితం అనుకోవడం న్యాయం కాదు.

కోడలి విషయం ఇంకా స్పష్టం. అత్తమామల సేవ ఆమె సుగుణం, ఆమె చేసే మేలు. షరీఅత్ దానిని ఆమెపై చట్టపరమైన విధిగా మోపలేదు. బాధ్యత కుమారునిది. కాబట్టి ఆమె సేవకు కృతజ్ఞతతో పాటు ఆమె చేతి ఖర్చుకు సొమ్ము ఇవ్వడం కూడా కుమారుని ధర్మం.

జకాత్ గురించి కూడా అడుగుతుంటారు. తల్లిదండ్రులకు జకాత్ ఇవ్వడం చెల్లదు. పేదరాలైన సోదరికి ఇవ్వవచ్చు. బంధువుకు ఇచ్చే దానంలో దానపుణ్యం, బంధుత్వాన్ని కలిపిన పుణ్యం రెండూ ఉన్నాయని దైవప్రవక్త (సఅసం) బోధించారు. కానీ సేవకు బదులుగా చెల్లించే సొమ్మును జకాత్ లెక్కలో వేయకూడదు. అది వేరు, ఇది వేరు. వైకల్యం గల తల్లిదండ్రులను పోషించే ఉద్యోగికి ఆదాయపు పన్ను పాత విధానంలో 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం లేదా అంతకు మించితే 1,25,000 రూపాయల వరకు ఆదాయంలో మినహాయింపు ఉంటుంది. అలా మిగిలిన పన్నును తల్లిని చూసుకుంటున్న చేతికి అందించడం ఎంత సముచితం!

సోదరులు ముఖం చాటేస్తే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉన్నది. దాని ప్రకారం ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల వరకు భరణం నిర్ణయించగలదు. అయితే అక్కడి దాకా వెళ్లవలసిన పరిస్థితి ఏ ముస్లిం ఇంటికీ రాకూడదని మా కోరిక.

పింఛను ఒక అమానత్

హక్కు గురించి చెప్పినప్పుడు హద్దు గురించి కూడా చెప్పాలి. రోగి పేరున వచ్చే సొమ్ము రోగి ఆస్తి. దాన్ని చేతిలో ఉంచుకునే వారు అమానత్‌దారులు. అన్నిసా సూరా 6వ ఆయతు అనాథ సొమ్ము చూసుకునే సంరక్షకునికి ఒక నియమం చెప్పింది. స్థోమత ఉంటే దాని జోలికి పోకూడదు, పేదవాడైతే ధర్మసమ్మతంగా కొంత తీసుకోవచ్చు. మంచానపడిన తల్లి పింఛను విషయంలో కూడా ఇదే మనకు కొలబద్ద. ముందు ఆమె మందులు, ఆమె ఆహారం, ఆమె పక్కబట్టలు. ఆ తర్వాతే సేవ చేసే మనిషి అవసరం. ఒక చిన్న పుస్తకంలో జమాఖర్చులు రాసి పెడితే రేపు అన్నదమ్ముల మధ్య అనుమానాలకు తావుండదు.

లేని వైకల్యాన్ని ఉన్నట్లు రాయించుకోవడం నిస్సందేహంగా హరామ్. 2016 చట్టంలో దానికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మనిషి మరణించిన తర్వాత కూడా పింఛను తీసుకుంటూ ఉండటం ఇలాంటిదే. ఆ సొమ్ము మరొక మంచానపడిన పేదవాని వాటా.

చివరగా మసీదు కమిటీలకు మా విన్నపం ఒకటి. ప్రతి మొహల్లాలో మంచానపడిన వారు ఎవరు, వారిని చూసుకుంటున్నది ఎవరు అన్న జాబితా ఒకటి తయారుచేయండి. చదువుకున్న యువకులు ఇద్దరు దరఖాస్తులు నింపి, శిబిరం రోజున వెంట వెళితే చాలు, ఎన్నో ఇళ్ల కష్టం తగ్గుతుంది. 2016 చట్టంలో రాసిన సంరక్షకుల భత్యాన్ని మన రాష్ట్రంలో కూడా అమలు చేయాలని ప్రజాప్రతినిధులకు వినతిపత్రం ఇవ్వండి. ఆ విన్నపంలో మతభేదం లేదు, మంచం ప్రతి ఇంట్లోనూ ఒకటే.

సేవ చేసేవారికి ఓర్పును, సేవ పొందేవారికి ఆరోగ్యాన్ని, దూరాన ఉన్నవారికి బాధ్యత గుర్తెరిగే మనసును అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.