తిరువనంతపురం గుట్టమీది వేధశాల

మన కోవిల్‌పట్టి నుంచో విరుదునగర్ నుంచో తిరువనంతపురం పోయేవారు అనంతపద్మనాభస్వామిని సేవించుకుంటారు, మ్యూజియం చూస్తారు, పిల్లలకు పులిని చూపించి ఇంటిదారి పడతారు. అక్కడే ఒక గుట్టమీద స్వాతి తిరునాళ్ మహారాజు కట్టించిన వేధశాల ఉన్నది. అటు పోయేవారు తక్కువ.

స్వాతి తిరునాళ్ అనగానే మనకు సంగీతమే గుర్తుకు వస్తుంది. తెలుగులోనూ కృతులు చేసిన ప్రభువు. ఎట్టయాపురం సంస్థానం పక్కన పెరిగినవాళ్లం, పాటను పోషించిన రాజులు మనకు కొత్త కాదు. గ్రహాలను చూడడానికి ఇల్లు కట్టించిన రాజులు మాత్రం అరుదు. 1837లో వేధశాల ఏర్పడేనాటికి ఆయనకు 24 ఏండ్లు. ఆలప్పుళలో సంస్థానం వర్తక వ్యవహారాలు చూసే జాన్ కాల్డికాట్ సొంత పరికరాలతో ఆకాశాన్ని పరిశీలించేవాడు. రాజు ఆ పని మీద మనసుపడి అతణ్ణే అధికారిగా నియమించాడు. కట్టడానికి నమూనా గీసినవాడు మద్రాసు ఇంజనీరు హార్స్లీ. మంచి పరికరాల కోసం కాల్డికాట్ ఐరోపా పోయివచ్చాడు.

రాజు 1846లో, కాల్డికాట్ 1849లో పోయారు. 1852లో వచ్చిన జాన్ అల్లన్ బ్రౌన్ ఈ ఇంటికి అసలు పేరు తెచ్చాడు. దిక్సూచి ముల్లు ఉత్తరం చూపుతుందని మనమంటాం గాని, అది కొద్దికొద్దిగా ఇటూ అటూ కదులుతూనే ఉంటుంది. బ్రౌన్, అతని సహాయకులు ఆ కదలికను గంటగంటకూ రాసి ఉంచారు. రాత్రుళ్లు కూడా నిద్ర మానుకొని రాసిన అంకెలవి. మైదానంలోని లెక్కకూ కొండమీది లెక్కకూ తేడా చూడాలని, 1855లో అగస్త్యమలై శిఖరం మీద, సుమారు 6,200 అడుగుల ఎత్తున, మరొక వేధశాల పెట్టాడు. అది మన తిరునల్వేలి సీమవారు పొదిగై అని మొక్కే కొండే! ఏనుగులు తిరిగే అడవి దాటి, సున్నితమైన పరికరాలను మనుషులచేత అంత ఎత్తుకు మోయించడం ఎంత కష్టమో కొండ ఎక్కినవారికి తెలుసు.

ఆ అంకెలలో బ్రౌన్‌కు ఒక వరుస కనిపించింది. సుమారు 26 రోజులకొకసారి ముల్లు కలత మళ్లీ వస్తున్నది. సూర్యుడు తనచుట్టూ తాను తిరగడమే దానికి కారణమని అతడు తలచాడు.

1865లో బ్రౌన్ వెళ్లిపోయాక పరిశీలనలు బాగా తగ్గాయి. అతడి లెక్కలు 1874లో లండనులో అచ్చయ్యాయి. కట్టడం ఇప్పుడు కేరళ విశ్వవిద్యాలయం అధీనంలో ఉన్నది. అన్నట్టు, మన పిల్లలు చూసివచ్చే ఆ మ్యూజియం మొదట ఏర్పడడంలోనూ బ్రౌన్ చేయి ఉన్నది.