పరాయి ఊరు మన ఊరయ్యేదెలా? (జర్మనీ వెళ్ళే విద్యార్థులకు)

విదేశంలో సీటు రాగానే ఇంట్లో అందరి దృష్టీ ఫీజు, వీసా, విమానం టికెట్ మీదే ఉంటుంది. అక్కడ దిగాక ఎలా మెలగాలో చెప్పేవారు తక్కువ. జర్మనీలోని లైప్‌జిగ్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ విషయం వివరిస్తాను. అక్కడి విశ్వవిద్యాలయం 1409లో స్థాపించినది.

ముందు డబ్బు సంగతి. వీసా కోసం ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్ము చూపాలి. చాలామంది ఇందుకు ‘బ్లాక్డ్ అకౌంట్’ తెరుస్తారు. 2024 సెప్టెంబరులో ఈ మొత్తాన్ని 11,904 యూరోలుగా నిర్ణయించారు. ఇది మారుతుంటుంది కనుక వెళ్ళేముందు సరిచూసుకోవాలి. సొమ్ము మనదే అయినా నెలకు 992 యూరోల చొప్పునే చేతికి వస్తుంది. అద్దె, ఆరోగ్య బీమా, తిండి అన్నీ అందులోనే సర్దుకోవాలి. బ్యాంకు కౌంటరులో ఏళ్ళ తరబడి కూర్చున్నవాడిగా ఒక మాట: ఖర్చు యూరోల్లోనే రాయండి. ప్రతి కాఫీనీ రూపాయల్లోకి మార్చి చూస్తే మనసు కుంగుతుంది. అసలు రాయకపోతే నెలాఖరుకు చేయి చాచాలి.

రెండవది చిరునామా. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. దీన్ని ‘అన్‌మెల్డుంగ్’ అంటారు. ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువీకరణ కావాలి. అది ఇవ్వనన్నవారి ఇంట్లో దిగవద్దు. ఇల్లు చూపకుండా అడ్వాన్సు పంపమన్నవారిని నమ్మవద్దు.

మూడవది ఊరి పద్ధతులు. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. బియ్యం, కూరగాయలు శనివారమే కొనుక్కోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చప్పుడు చేయరాదు. ట్రాములో ఎక్కేటప్పుడు టికెట్ అడగరు, కాని లేకుండా పట్టుబడితే జరిమానా 60 యూరోలు. నీళ్ళ సీసా కొంటే 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు. ఖాళీ సీసా దుకాణంలోని యంత్రంలో వేస్తే తిరిగి వస్తాయి. వీటిని ఆంక్షలనుకుంటే ఊరు పరాయిదిగానే ఉంటుంది. ఎదుటివారి విశ్రాంతికీ, నమ్మకానికీ ఇచ్చే గౌరవమనుకుంటే సంస్కృతి అర్థమవుతుంది.

తరువాత ఊరు చూడండి. సెయింట్ థామస్ చర్చిలో సంగీతకర్త బాఖ్ 1723 నుంచి 1750లో మరణించేదాకా పనిచేశారు. అక్కడి బాలుర బృందం గానం నేటికీ వినవచ్చు. సెయింట్ నికొలస్ చర్చి ప్రార్థనలతో మొదలైన సోమవారపు ప్రదర్శనల్లో, 1989 అక్టోబరు 9న సుమారు 70,000 మంది శాంతియుతంగా నడిచారు. సరిగ్గా నెలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది. పెద్దవయసువారిని ఆ రోజుల గురించి అడిగి చూడండి, మాట కలుస్తుంది.

అందుకు భాష కావాలి. పాఠాలు ఇంగ్లీషులో ఉన్నా, రొట్టెల కొట్టులో, కార్యాలయాల్లో జర్మనే. ఇది మనకు కొత్త కాదు. షోలాపూరు మగ్గాలకు వెళ్ళిన మనవారు మరాఠీ నేర్చారు, బరంపురంలో ఒడియా నేర్చారు. ఇంట్లో తెలుగు పోలేదు, వీధిలో పరాయివారూ కాలేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, ఒంటరితనం కమ్ముకుంటుంది. ఫోన్లో “ఏం తిన్నావు?” అనే కాక, “ఈ వారం ఎవరితో మాట్లాడావు?” అని కూడా అడగండి. జవాబు రాకపోతే మందలించకండి; విద్యార్థులకు అక్కడ ఉండే కౌన్సెలింగ్ సాయం తీసుకోమని చెప్పండి. సాయం అడగడం చిన్నతనం కాదు.