పిడికెడు బియ్యము, ఒక కీర్తన

ఉద్దానమను పేరు ఉద్యానమునుండి పుట్టినదని పెద్దలందురు. పలాస స్టేషనులో దిగి తూర్పుగా సముద్రమువైపు సాగినవారికి ఆ వ్యుత్పత్తిని నమ్ముటకు వేరొక ప్రమాణ మక్కరలేదు. కొబ్బరి, జీడి, పనస చెట్లు ఒకదాని నీడలో ఒకటి పెరిగి, దారికి ఇరువైపుల పందిరి వేసినట్లుండును. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మీదుగా ఇచ్ఛాపురము దాక ఈ తోటలు తీరము వెంట సాగిపోవును. టెక్కలి మొదలుకొని ఒడిశా సరిహద్దువరకు గల ఈ సీమలో, అచ్చటచ్చట, చిన్న క్రైస్తవ దేవాలయములు కానవచ్చును. కొన్నిటిపై శిలువ లేకున్నచో పల్లెటూరి బడి యని భ్రమపడవచ్చును. ఆ కట్టడములను వర్ణించుట ఈ వ్యాసము పని కాదు. ఆదివారము ఆరాధన ముగిసి తలుపులు మూసిన తరువాత, మిగిలిన ఆరు దినములును ఆ విశ్వాస మెక్కడ నుండును, ఏమి చేయును అన్నదే ఇచ్చట ప్రశ్న.

కుటుంబ ప్రార్థన యనునది తెలుగు క్రైస్తవ గృహములలో పాత ఆచారము. తెల్లవారకమునుపో, సందెదీపము పెట్టిన వెనుకనో ఇంటివారందరు ఒకచోట కూర్చుందురు. ఒక కీర్తన పాడుదురు. బైబిలులో ఒక అధ్యాయమును ఒకరు చదువుదురు. తరచుగా బడికి పోవు పిల్లలకే ఆ పని యప్పగింపబడును. పెద్ద లొకరు ప్రార్థన చేయుదురు. ఇంతయు పావుగంటకు మించదు. పలాస, కాశీబుగ్గలలోని జీడిపప్పు బట్టీలకు పనికి పోవు స్త్రీలకు ఆ పావుగంట చిక్కుటయే కష్టము. జీడిపిక్క పెంకులోని నూనె చేతి చర్మమును కాల్చును. అట్టి పని దినమంతయు చేసి వచ్చి, వంట ముగించి, కునికిపాట్లు పడు పిల్లలను లేపి కూర్చుండబెట్టుట సులభము కాదు. అయినను ఆచారము నిలిచియున్నది. ఉపాధ్యాయులు గమనింపదగిన విశేష మొకటి కలదు: బైబిలు తామే చదువుకొనవలెనను కోరికతో నడివయస్సులో అక్షరములు దిద్దినవారు తెలుగుదేశమున తక్కువమంది కారు.

ఇచ్చట నొక చిక్కు ఎదురగును. రక్షణ యనునది మానవుడు సంపాదించుకొనునది కాదనియు, అది దేవుడు ఉచితముగ నిచ్చు కృప యనియు క్రైస్తవ మతము చెప్పును. పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయమున ఈ సిద్ధాంతము సూటిగా నున్నది. అట్లైనచో ఉచితముగ వచ్చుదానికై ప్రతి దినము వేకువనే లేచుట యెందుకు? చురుకైన విద్యార్థి ఎవడైనను ఈ ప్రశ్న వేయును, వేయవలెను కూడ.

మన దేశమున ఈ ప్రశ్న క్రొత్తది కాదు. శ్రీవైష్ణవులు మర్కటకిశోర న్యాయమనియు, మార్జాలకిశోర న్యాయమనియు రెండు దృష్టాంతములు చెప్పుదురు. కోతిపిల్ల తల్లిని తానే కరచుకొని యుండవలెను; పిల్లికూన నట్లుగాక తల్లియే నోట కరచుకొని పోవును. వడగలవారు మొదటిదానిని, తెంగలవారు రెండవదానిని ఆశ్రయించి శతాబ్దములు వాదించుకొనిరి. క్రైస్తవుల కృపాసిద్ధాంతము పిల్లికూనకు దగ్గరగా నున్నట్లు తోచును. వారి నిత్యానుష్ఠానము మాత్రము కోతిపిల్ల పట్టువలె నుండును. ఈ రెంటికిని పొత్తు కుదురునా? ఎఫెసీ పత్రికలో ఆ వాక్యములను దాటి వెంటనే మరొక వాక్యము చదివినచో సమాధానము కొంత దొరకును. సత్క్రియలు కృపకు వెల కావనియు, కృప పొందినవాని నడవడిగా అవి వెనుక వచ్చుననియు అచ్చటి తాత్పర్యము. కూలి డబ్బునకును, కానుకకును భేదమిదియే. కూలిని లెక్కకట్టి అడుగుదుము. కానుక నందుకొన్నవాడు దానిని తెచ్చినవానిని మరువకుండ నుండవలెను. ఈ సీమ ఇండ్లలోని ప్రార్థన ఈ రెండవ తరగతికి చెందినదని నా యభిప్రాయము.

ఈ విషయమును వాదములో గాక పాటలో పెట్టి ఇంటింటికి చేర్చినవాడు ఈ ప్రాంతమువాడే. పురుషోత్తమ చౌధరి 1803లో పర్లాకిమిడి ప్రాంతమున జన్మించెను. పర్లాకిమిడి టెక్కలికి వాయవ్యమున నున్నది; 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు ఆ పట్టణ మటుపోయినది గాని, అంతకుముందు ఈ సీమయంతయు ఒక్కటియే. వంగదేశమునుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబము వారిది. వంగము, ఓఢ్రము, ఆంధ్రము, సంస్కృతము ఆయనకు పరిచితములు. లండన్ మిషనువారు 1805లో విశాఖపట్టణమునకు వచ్చిరి. వారిలో దేగ్రాంజి తెలుగునకు తెచ్చిన సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. క్రొత్త నిబంధన యంతయు 1818లో వెలువడెను. అట్టి పుస్తకములు, కరపత్రములు ఊరూర తిరుగుచున్న కాలమున చౌధరి యౌవనము గడచినది. 1833లో ఆయన కటకమునకు పోయి బాప్తిస్మము పొందెను.

ఆ యొక్క వాక్యమును తేలికగా చదివి దాటరాదు. ఆనాడు మతము మారినవాడు కులమును, బంధువులను కోల్పోవుటయే గాక, పిత్రార్జితమందలి హక్కును గూడ కోల్పోవు ప్రమాదము కలదు. అట్టివారి ఆస్తిహక్కును కాపాడు చట్టము దేశమంతటికిని 1850లో గాని రాలేదు. అనగా చౌధరి నీటిలోనికి దిగిననాడు ఆయనకు వెనుక ఏ చట్టపు టండయు లేదు. కృప ఉచితమని పాడినవాడు దానిని పొందుటకు ఎంత వెల యిచ్చెనో తలచుకొన్నచో, ఆ పాటలలోని ఆర్తి కల్పితము కాదని తెలియును.

ఆయన 1890 వరకు జీవించి, మత బోధకుడుగా ఈ తీరమున తిరిగి, వందకు పైగా కీర్తనలు రచించెను. అవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున చేరి, శాఖాభేదము లేక తెలుగు క్రైస్తవులందరి సొత్తైనవి. పాశ్చాత్యుల రాగములకు తెలుగు మాటలను అతికించిన పాటలు ఆ గ్రంథమున లేకపోలేదు. ఆ మాటలు ఆ స్వరములలో ఇరుకు చొక్కా తొడిగిన బాలునివలె ఇబ్బంది పడుచుండును. చౌధరి కీర్తనలట్లు కావు. రాగము, తాళము, పల్లవి, చరణము, అన్నియు మన సంప్రదాయమువే. భక్తులు తరతరములుగా వాడిన కరుణ, శరణము, దయ, ముక్తి యను మాటలనే ఆయన క్రీస్తు పాదములకడ పెట్టెను. ఆ భాష సంస్కృత సమాసములతో కొంత గంభీరముగనే యుండును. అయినను అక్షరము రాని ముదుసలి స్త్రీలు ఆ చరణములను తప్పు లేక అప్పగింతురు. పద్యము కంఠస్థము చేయించుట వ్యర్థమని వాదించు నేటి విద్యావేత్తలు ఒకసారి వచ్చి వినదగును. పుస్తకము తెరువలేని చోట, దీపము లేని చోట, పొలము గట్టుమీద గూడ పాట తోడు వచ్చును. నిత్యభక్తికి అంతకు మించిన పనిముట్టు లేదు.

పాట యొక్కటియే కాదు, పిడికిలి గూడ నున్నది. తెలుగు సంఘములలో పిడికెడు బియ్యము అను వాడుక కలదు. ఇల్లాలు వంటకు బియ్యము కొలిచిన తరువాత అందులోనుండి ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయును. వారమునకో నెలకో ఆ కుండ దేవాలయమునకు చేరును. ఆ బియ్యము కాపరి పోషణకో, పేదలకో పోవును. లేదా అమ్మగా వచ్చిన సొమ్ము సంఘపు ఖర్చులలో కలియును. పిడికిలికి 35 గ్రాములనుకొన్నను, రెండు పూటలకు 70, నెలకు 2 కిలోలు దాటును. లెక్కలు చెప్పు మాస్టరుగారు దీనిని తరగతిలో ఇచ్చి చూడవచ్చును. అయితే లెక్కకు రాని సంగతి యొకటున్నది. ఆ పిడికెడు మిగిలినదానిలోనుండి తీసినది కాదు, వండబోవుదానిలోనుండి తీసినది. కుండలో బియ్యము కొరతగా నున్ననాడును చేయి అటు పోవును. దానమనగా ధనికుల పని యను తలంపు ఈ కుండ ముందు నిలువదు. చేయునది స్త్రీ, సాధారణముగా ఎవరును చూడనివేళ. బహుశః అందువలననే దీనిని గూర్చి గ్రంథములలో తక్కువగా వ్రాసిరి.

ఈ సీమలోని సంఘములకు మూలమైన కెనడియన్ బాప్తిస్టు మిషను కథ గూడ విచిత్రమైనదే. కెనడా తూర్పు తీరపు రాష్ట్రములవారు 1873లో తమ మిషనరీలను పంపినది తెలుగువారికొరకు కాదు, సయాము దేశపు కరెనులకొరకు. అచ్చట పని సాగు నట్లు కనబడనందున వారు 1875లో ఈ తీరమునకు వచ్చిరి. క్రమముగా శ్రీకాకుళము, టెక్కలి, పర్లాకిమిడి, సోంపేటలు వారికి కేంద్రములయ్యెను. ఆ సంఘములు 1947లో ఉత్తర సర్కారుల బాప్తిస్టు సంఘముల కన్వెన్షనుగా నేర్పడినవి. పాలకుల సంస్కృతికిని, మిషనరీల బోధకును గల సంబంధమును గూర్చి కఠినముగా ప్రశ్నింపదగినవి చాల కలవు. చరిత్ర విద్యార్థులు ప్రశ్నింతురు గాక. కాని సోంపేటలోని ఆరోగ్యవరము ఆసుపత్రి ముందు ఆ వాదము కొంతసేపు ఆగును.

అచ్చట డాక్టరు బెన్ గల్లిసన్, ఆయన భార్య ఎవ్లిన్ బహుకాలము పనిచేసిరి. కంటిపొరలతో చూపు పోయిన పేదలు వచ్చుచుండిరి. నాటి శస్త్రచికిత్స నేటివలె కొన్ని నిమిషములలో ముగిసి, నాడే ఇల్లు చేరునది కాదు. మసకబారిన కటకమును మొత్తముగ తీసివేసి, కంటికి కట్టు కట్టి, రోగిని తల కదలకుండ దినముల తరబడి పరుండబెట్టెడివారు. కట్టు విప్పిన వెనుక దళసరి అద్దములు పెట్టుకొన్నగాని చూపానదు. అన్ని దినములు ఆ రోగికి అన్నము తినిపింపవలెను, పక్క మార్పవలెను, ధైర్యము చెప్పవలెను. వైద్యుని నైపుణ్యమెంత యవసరమో, దాదుల ఓర్పు అంత యవసరము. కెనడాకు సెలవుపై పోయినపుడు గల్లిసన్ కాల్గరీ నగరమున ఆర్ట్ జెంకిన్స్ అను వ్యాపారితో ఈ సంగతులు చెప్పెను. దాని ఫలితముగ 1963లో ఆపరేషన్ ఐసైట్ అను సంస్థ పుట్టినది. సోంపేటతో మొదలైన ఆ సహాయము తరువాత భారతదేశమున ఇతర ప్రాంతములకు, ఆఫ్రికా దేశములకు విస్తరించెను. ప్రపంచపటమున సోంపేట ఎక్కడున్నదో తెలియనివారి చూపునకు గూడ ఈ యూరితో చుట్టరికము కలదు.

దీనిని ప్రత్యేకించి చెప్పుటకు కారణమున్నది. ప్రార్థన చేసినచో మందక్కరలేదనియు, రోగము తగ్గకున్నచో రోగికి విశ్వాసము చాలలేదనియు చెప్పు బోధకులు నేడు లేకపోలేదు. ఉద్దానమున ఆ మాట చెప్పుట క్రూరత్వము. గడచిన కొన్ని దశాబ్దులుగా ఈ పల్లెలను మూత్రపిండముల వ్యాధి పీడించుచున్నది. మధుమేహము లేనివారికి, రక్తపోటు లేనివారికి, పొలము పనిచేయు నడివయస్సువారికి అది నిశ్శబ్దముగ వచ్చును, తెలియునప్పటికి ముదిరియుండును. నీరా, ఎండయా, మందులా, వంశమా యని శాస్త్రజ్ఞులు ఎన్నో పరీక్షలు చేసిరి. కారణ మిదియని నేటికిని తేల్చలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము 2023 డిసెంబరులో ప్రారంభమయ్యెను. హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా మంచినీరు తెచ్చు పథకమును వచ్చినది. రక్తశుద్ధి యంత్రముపై వారమునకు రెండు మూడుమారులు, మారునకు నాలుగు గంటలు పరుండవలసినవానితో, అతని విశ్వాసము చాలలేదని ఎవరు చెప్పగలరు? యోబు గ్రంథమున స్నేహితులు సరిగా అట్టి మాటయే చెప్పిరి. గ్రంథము చివర దేవుడు కోపించినది యోబుపై గాదు, ఆ స్నేహితులపై.

రోగి ఇంట కుటుంబ ప్రార్థన రూపు మారును. ఉప్పు తగ్గించి, నీరు కొలిచి త్రాగవలసినవానికి వేరు వంట కావలెను. యంత్రము వంతు ఏ వేళ వచ్చునో దానినిబట్టి ప్రార్థన వేళ జరుగును. ఆదివారము వంతు పడినవాడు ఆరాధనకు రాలేడు. అట్టివాని యొద్దకు ఆరాధనయే నడచి పోవలెను. ఆటో ఖర్చు, తోడు వచ్చువాని ఆనాటి కూలి, ఇంటి పిల్లల బడి, ఇవన్నియు లెక్కించి పొరుగువారు పంచుకొన్ననాడు అది ప్రార్థనకు తక్కువైనది కాదు. కృప యను మాటకు ఈ పల్లెలలో అర్థము వెదుకువారు వేదిక దగ్గర గాక, ఆ ఆటోలో రోగి ప్రక్కన కూర్చున్నవాని దగ్గర వెదుకుట మేలు.

అన్నిటిమీద 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. సరిగా కుటుంబ ప్రార్థన వేళ. తెల్లవారునప్పటికి తాతలు నాటిన కొబ్బరులు వరుసలుగా కూలియుండెను. జీడిచెట్లు వేళ్లతో లేచిపోయెను. జీడి మరల కాపునకు రావలెనన్న కొన్ని సంవత్సరములు, కొబ్బరికి అంతకును ఎక్కువ. ఆ మధ్యకాలమున ఎందరో యువకులు దూరదేశములకు కూలికి పోయిరి. తోటలలో వృద్ధులు మిగిలిరి. కూలిన మ్రాకులు తొలగించుటకే నెలలు పట్టినది. తరువాత గోతులు త్రవ్వి, మొక్కలు నాటి, నీరు మోసిరి.

ఆ మొక్కలలో ముందుగా నాటినవి ఇప్పుడిప్పుడే గెల వేయు వయస్సునకు వచ్చుచున్నవి. తొలి కాయను దేవుని సన్నిధికి తెచ్చుట ఈ సీమ రైతుకు, అతని గుడి ఏదైనను, తాతలనాటి అలవాటు. క్రైస్తవులు దానిని ప్రథమ ఫలములందురు. కోత పండుగనాడు వేదిక ముందు బియ్యపు కుండల ప్రక్కన, పనసపండ్ల నడుమ, పీచు తీయని ఆ లేత కాయలు పెట్టుదురు. ఆరాధన ముగిసిన పిదప వానికి వేలము పాడుదురు. తరచుగా తెచ్చినవాడే నాలుగు రూపాయలెక్కువ పెట్టి తన కాయను తానే కొనుక్కొని పోవును.